ఆగ్నేయం మూల కిరణం

"కిరణం వణుకుతోందత్తయ్యా! క్రేన్ మళ్లీ ఆగిపోయింది," అని గదిలోంచి కోడలు హైమ మూడోసారి కేకేసింది.

"డబ్బా అక్కణ్నించి కదిలేది లేదు," అన్నాడు హాల్లోంచి మామగారు సాంబమూర్తి. పొద్దుటి నుంచీ ఆయనది అదే మాట.

వంటింట్లో ఉన్న సుభద్రమ్మ ఇద్దరి మాటలూ విన్నది.

ఇప్పుడు ఊళ్లో ఇంటింటికీ ఇంటర్నెట్ లేజర్ కిరణంగానే వస్తోంది. హైమ ఇంట్లో కూర్చునే ఎక్కడో రేవులో ఉన్న క్రేన్ నడుపుతుంది. ఆ కిరణాన్ని అందుకునే డబ్బా నిప్పుకు సంబంధించిందేనని వాదించి, సాంబమూర్తి మేడమీద ఆగ్నేయం మూలన పెట్టించాడు. సరిగ్గా దాని కిందే వంటిల్లు. పొగగొట్టంలోంచి వేడిగాలి లేచినప్పుడల్లా కిరణం చెదిరిపోతోంది. రేపు కూడా ఆగితే క్రేన్ వేరేవాళ్లకిస్తామని పైవాళ్లు చెప్పేశారు.

"వాస్తు మార్చితే ఇల్లు నిలవదే! పొయ్యి ఆపడానికీ వీల్లేదు, నాకు అన్నం వేడిగా ఉండాలి," అన్నాడాయన.

సుభద్రమ్మ మోకాళ్లు పీకుతున్నాయి. ఆమె స్టవ్ కట్టేసి, చెంగుతో మొహం తుడుచుకుని, హాల్లోకొచ్చి కూలబడింది. హైమను కూడా పిలిచింది.

"రేపట్నుంచి హైమ డ్యూటీ దిగేదాకా ఈ ఇంట్లో పొయ్యి వెలగదు. మధ్యాహ్నం అందరికీ చద్దన్నమే. మీక్కూడానండీ," అంది నెమ్మదిగా.