రెండు గీతలు

చార్టు రెండోసారి కూడా వెనక్కి వచ్చింది.

అద్దకం మేస్త్రికి ఆ కాగితాన్ని ఉండచుట్టి కిటికీలోంచి విసిరేద్దామనిపించింది. స్టోరు గదికి కిటికీ లేదు.

"ఈసారి ఏమంట అన్నయ్యా?" కంప్యూటర్ ముందు కూర్చున్న స్టోరు గుమాస్తా అడిగింది.

"వెనకాల ఈ గళ్ళేంటి, చేపల వలా అన్నాడు కొర్రీల సారు. కింద నెలల పేర్లు తాగి పడ్డట్టు వాలిపోయాయట."

ఆమెకు నవ్వొచ్చింది. మేస్త్రి మొహం చూసి మింగేసింది.

దారాల కార్ఖానాలో ఇరవై రెండేళ్ళుగా రంగు తొట్ల దగ్గర అతనే. ఆరో తరగతిలో బడి మానేసి వచ్చినవాడు. దారాన్ని వెలుతురులో పట్టుకుని ఏ రంగు ఎంత తక్కువైందో చెప్పగలడు. మౌస్ పట్టుకుంటే మాత్రం తెర మీద బాణం తప్పిపోయిన మేకలా తిరుగుతుంది. అలాంటివాడికి యజమాని పొద్దున్నే తేల్చి చెప్పేశాడు.

"ఆరు నెలలుగా రంగు సరిపోలేదని పెట్టెలు వెనక్కొస్తున్నాయి. తప్పు నీ తొట్టిది కాదంటావు. నోటిమాట నాకొద్దు. మూడింటికి చార్టు వేయించి చూపించు. లేదంటే రేపట్నుంచి తొట్ల దగ్గర ఇంకో మేస్త్రి ఉంటాడు."

సాక్ష్యం లేక కాదు. తొట్టిలోంచి ఒక్కో ఉడుకు, అంటే ఒక్కో విడత దారం, దించినప్పుడల్లా జానెడు దారం తెంపి, నమూనాతో పోల్చి చూసి, పుస్తకంలో అంటించడం అతని అలవాటు. చెడిన ఉడుకైతే పక్కన అడ్డగీత కొడతాడు. ఆ అడ్డగీతలన్నీ స్టోరు గుమాస్తా లెక్కపెట్టి కంప్యూటర్లోకి ఎక్కించింది. రెండు గీతలొచ్చాయి. తొట్టిలో చెడిన ఉడుకులది ఆకుపచ్చ గీత. నేలబారుగా పడుకుంది. వాపసు వచ్చిన పెట్టెలది ఎర్ర గీత. నెలనెలా నిచ్చెనెక్కుతోంది. అంటే దారం తొట్టిలోంచి బాగానే వెళ్తోంది, తప్పు ఆ తర్వాత ఎక్కడో జరుగుతోంది. పసిపిల్లాడికైనా అర్థమవుతుంది.

కానీ ముందు కొర్రీల సారుకి అర్థం కావాలి. ఆయన వచ్చి ఆరు నెలలైంది. ప్రతిదానికీ ఏదో ఒక కొర్రీ వేస్తాడు కాబట్టి ఆ పేరే స్థిరపడింది. గేటు పక్క అద్దాల గదిలో ఉంటాడు. కాగితమైనా, బయటికెళ్ళే పెట్టె అయినా ఆయన చెయ్యి పడాల్సిందే అని యజమాని ఆజ్ఞ.

గళ్ళు తీసేశారు. నెలల పేర్లను నిటారుగా నిలబెట్టారు. మేస్త్రి మూడోసారి గేటుదాకా నడిచాడు.

"ఏమయ్యా," అన్నాడు సారు, చేతిలో ముద్ర ఆపకుండానే. టక్. టక్. "రెండు గీతలకీ ఒకే రంగేశావేం?"

"ఒకటి పచ్చ, ఒకటి ఎరుపు సార్. ఏది దేనిదో కింద రాశాం కూడా."

"కింద రాస్తే సరా? పైన తేలాలి. ఇలా తీసుకెళ్తే నీ తప్పులే పైకి పోతున్నాయనుకుంటారు. నీ మంచికే చెబుతున్నా, మార్చుకుని రా." టక్.

ప్రింటర్‌లో సిరా తగ్గిందేమోనని గుమాస్తా కొత్తది వేసింది. గీతలు లావు చేసింది.

"చూడు అన్నయ్యా, పచ్చిమిరపకాయా పండుమిరపకాయా పక్కపక్కన పెట్టినట్టు లేదూ?"

నాలుగోసారి.

"మళ్ళీ అదే కదయ్యా!"

"లావు చేయించాను సార్."

"మనిషి లావెక్కితే పేరు మారుతుందా? వెళ్ళు వెళ్ళు."

మేస్త్రి పళ్ళు నూరుకుంటూ వచ్చాడు. పచ్చది పచ్చ కాదంటే, ఎర్రది ఎరుపు కాదంటే, ఇరవై రెండేళ్ళు తొట్టి ఆవిరి పీల్చినవాడు ఏం చెప్పాలి? నోరెత్తితే ఆరో తరగతి వెధవకి పొగరంటారు. ఎత్తకపోతే ఉద్యోగం పోతుంది. గోడ గడియారం రెండున్నర దాటింది.

"పనిగట్టుకుని చేస్తున్నాడు చెల్లెమ్మా. మూడు దాటేదాకా ఇలాగే తిప్పుతాడు."

"ఎందుకట? ఆయనకి నువ్వేం ద్రోహం చేశావు?"

"మనల్ని ఆడించడానికి చదువుకున్నవాడికి కారణం కూడా కావాలా?"

ఆమె నిట్టూర్చింది. "పోనీ, నీలం, పసుపు పెడదామా?"

"వద్దు! రంగు జోలికి పోకు. ఇవి నేను కళ్ళారా చూస్తున్న రంగులు. ఆయన కాదన్నాడని మార్చేస్తే, తొట్టి దగ్గర కూడా నేను చూసింది తప్పని ఒప్పుకున్నట్టే."

మొండిఘటం, అనుకుంది గుమాస్తా. ఎర్ర గీత మీద రెండుసార్లు నొక్కింది. ఏదో పట్టీ తెరుచుకుంది. "రంగు అలాగే ఉంచి దీన్ని చుక్కల గీత చేసేస్తా. ఇంకేం వంక పెడతాడో చూద్దాం."

మూడింటికి పది నిమిషాలుందనగా మేస్త్రి ఐదోసారి అద్దాల గదిలోకి వెళ్ళాడు.

సారు కాగితం చూశాడు. మొహం వెలిగిపోయింది.

"అద్గదీ! చుక్కల గీత ఎలా పైకి పోతోందో, నీ గీత ఎలా పడుకుందో ఇప్పుడు తెలుస్తోంది. తప్పు నీది కానే కాదయ్యా, నీ తర్వాత ఇంకెవడో చేస్తున్నాడు. ఈ పని పొద్దున్నే చేసుంటే ఇద్దరికీ ఇన్ని తిప్పలు తప్పేవి కదా!"

కింద సంతకం గీకి ఇచ్చేశాడు.

మేస్త్రి కాగితం అందుకుని, గుమ్మం దాటబోతూ, ఎందుకో వెనక్కి తిరిగి చూశాడు.

సారు పక్కనున్న పెట్టె మూత తీసి, లోపల కలిసిపోయి ఉన్న ఎర్ర, పచ్చ దారపు కండెల్ని తేరిపార చూసి, మూత వేసి, పొద్దుట్నుంచి కొడుతున్న ముద్రనే దాని మీదా టక్కున కొట్టాడు: 'రంగు సరిపోయింది.'