కిటికీ కింద ఎర్రబండి

ఎండాకాలం జాగ్రత్తలు చెప్పడానికి ఫైర్ స్టేషన్ వాళ్లు ఇంటింటికీ తిరుగుతున్నారు. మూడో అంతస్తులో టైలరమ్మ ఇంట్లో ఫైర్‌మన్ గ్యాస్ పైపు వంచి పగుళ్లు చూశాడు. తలుపు మీద ఫోన్ నంబరు స్టిక్కరు అంటించాడు.

"మంటలంటుకుంటే సామాన్ల జోలికి పోకుండా దిగిపోండమ్మా."

"మా ఆయన మంచం దిగలేడన్నా. యాక్సిడెంటులో నడుం విరిగింది."

"అయితే తలుపేసుకుని ఫోన్ చెయ్యండి. బండి మీదుండే నిచ్చెన ఈ కిటికీకే వేసి దించుతాం."

ఆమె ముఖం తేటపడింది. ఎండలు ముదిరినప్పటినుంచీ ఆమెను తినేస్తున్న బెంగ అదే.

"ఆయన బరువుకి మీ నిచ్చెన విరగదు కదా," అని నవ్వింది. "ఇంకొక్క సాయం చెయ్యన్నా. ఆయన లారీ డ్రైవరు. పెద్ద బండిని దగ్గర్నుంచి చూసి ఎన్నాళ్లయిందో. మీ ఎర్రబండి ఒక్క నిమిషం ఈ కిటికీ కింద ఆపితే సంబరపడతాడు."

"బండి మెయిన్ రోడ్డు మీదే ఆపామమ్మా. ఈ సందులోకి పట్టదు."

నోరు జారాక అతను తలెత్తలేకపోయాడు. లోపల మంచం కిర్రుమంది.

ఆమె స్టిక్కరును చిరగకుండా గోటితో ఊడదీసి అతని చేతిలో పెట్టింది.

"రోడ్డు మీది ఇళ్లవాళ్లకివ్వన్నా. పనికొస్తుంది."