నెమలికన్ను పూలు

"ఎవురప్పా నువ్వు? దేవుని పూలు పీకుతాండావే!"

వెంకటరమణమ్మ పెరటి గోడ మీంచి అరిచింది.

నడుంలోతు కాలువలో నిలబడి కొక్కెం కర్రతో గుర్రపుడెక్క లాగుతున్న ముసలాయన తలెత్తాడు.

"ఇది పువ్వు గాదమ్మా, పీడ. వదిలేస్తే తూముకు అడ్డం పడతాది. మునిగేది మీ ఇండ్లే."

"సాల్లే చెప్పొచ్చినావు! రేకు మీద నెమలికన్ను కనపడలేదా? కృష్ణుని పువ్వది."

ఆమెది కదిరి పక్క పల్లె. బిందెడు నీళ్ల కోసం మైళ్లు నడిచి పెరిగిన మనిషి. పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదిలో భర్త రామభద్రరావుకి పాండిచ్చేరి బదిలీ అయింది. మురుంగపాక్కం దగ్గర కొత్త కాలనీలో దిగారు. పెరటి వెనకే ఊదారంగు పూలతో నిండిన కాలువ కనబడేసరికి ఆమె మురిసిపోయింది. ఇక రోజూ పూజకు అవే పూలు.

ముసలాయన పొద్దున పీకి గట్టున ఎండబెట్టేవాడు. ఆయన అటు పోగానే ఈమె ఇటు వచ్చి, చెంపలు వేసుకుని, మొక్కలన్నీ మళ్లీ నీళ్లలో వదిలేది.

గుర్రపుడెక్కకు కూడా భక్తులుంటారని ఎవరనుకుంటారు!

"వాన ఇంకా రానేలేదు. ఏంది తాతా నీ తొందర?" అని నవ్వింది పాలు పోసే కాళియమ్మ.

"ముందు మాదిరి మెల్లంగా నెలంతా పోసే వాన యాడుంది కాళీ? ఇప్పుడు ఎండగట్టి ఎండగట్టి, ఒక్క పూటలో కొట్టేస్తా ఉండాది."

చివరికి రామభద్రరావే గట్టుమీదికి వచ్చాడు.

"ఇంకోసారి కనబడితే పోలీసులకు పట్టిస్తా!"

కొక్కెం కర్ర లాక్కున్నాడు. ముసలాయన గట్టెక్కి వెళ్లిపోయాడు. రావడం మానేశాడు.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం ఆకాశానికి చిల్లుపడింది.

తూము దగ్గర గుర్రపుడెక్క గోడ కట్టేసింది. నీళ్లు వెనక్కి తిరిగి ఇళ్లలోకి వచ్చాయి. రామభద్రరావు ఆఫీసులో ఉన్నాడు. మంచం పట్టిన అత్త ఆండాళమ్మను లేపడం వెంకటరమణమ్మ ఒక్కదాని వల్ల కాలేదు.

నీళ్లు మంచం నులకను తాకాయి.

"నన్నొదిలేసి నువ్వు పోవే" అంది అత్త.

వెంకటరమణమ్మ ఆమెను పట్టుకుని ఏడుస్తూ కూర్చుంది.

ఉన్నట్టుండి నీళ్లు తీశాయి. ఎలా తీశాయో కాలనీలో ఎవరికీ తెలియలేదు.

వాన తెరిపిచ్చాక, తూము అవతల ముసలాయన శవం దొరికింది. చేతులకు గుర్రపుడెక్క చుట్టుకుని ఉంది.

నెల తిరక్కుండా కాలువ మళ్లీ పచ్చబడింది. ఈసారి వెంకటరమణమ్మే దిగి పీకింది. ఒకటి లాగితే తెగిన ముక్కలు నాలుగువైపులా తేలిపోయాయి. రెండు రోజుల్లోనే తన వల్ల కాదని తెలిసిపోయింది. ఏ పూజ చేస్తే ఈ పాపం పోతుందో మాత్రం తెలియలేదు.

"ఎవురు కాళియమ్మా ఆయప్ప? మునిసిపాలిటీ మనిషా?"

"కాదమ్మా."

"మల్ల మా ఇండ్లు మునిగితే ఆయప్పకేం?"

కాళియమ్మ పాలచెంబు కింద పెట్టింది.

"ఈ కాలనీ అంతా వీరాసామి తాత వరిచేనే గదమ్మా, సర్కారు తీసుకొని మీకు ఇండ్లు కట్టిచ్చినా, నా చేను మునగగూడదని ఆయన కాలవ తీసేది మానలా."