కండ్లు మూయని ఫొటో

“కేక్ ఫొటోలు ఎవలన్న తీస్తరు గని జైపాలూ, నాకు ఒక్కటే ఫొటో కావాలె. మీ కాకా నా పక్కన కండ్లు తెరిచి కూసున్నది.”

కెమెరాకు ఫ్లాష్ బిగిస్తున్న జైపాల్ చేయి ఆగింది.

“గదొక్కటి తప్ప ఇంకేదన్న అడుగు చిన్నమ్మా.”

చుట్టూ కూర్చున్నవాళ్ళు నవ్వారు. కిష్టారెడ్డిపేటలో మెడికల్ షాపు పైనున్న ఆ హాల్లో ముత్యమ్మ మనవరాలి మొదటి పుట్టినరోజు జరుగుతోంది. ఇస్మాయిల్‌ఖాన్‌పేట నుంచి వచ్చిన చుట్టాలందరికీ ముత్యమ్మ మొగుడు సంగయ్య కళ్ళ సంగతి తెలుసు. ఆయన పటాన్‌చెరు ఫ్యాక్టరీలో బతుకంతా వెల్డింగు చేసినవాడు. రాడ్డు ఇనుముకు తగిలేలోపే కళ్ళు మూసుకోవాలి, లేకపోతే రాత్రంతా కళ్ళలో ఇసుక పోసినట్టే. ఆ అలవాటు ఒంట్లో ఎంతగా ఇంకిపోయిందంటే, ఒకసారి ఊళ్ళో పిడుగు పడబోతే మెరుపు కన్నా ముందు సంగయ్య కళ్ళు మూతపడ్డాయని, అది చూసే జనం చెట్ల కింద నుంచి పరిగెత్తి బతికిపోయారని చెప్పుకుంటారు. నమ్మనివాళ్ళు ఆయన ఓటరు కార్డు అడిగి చూసుకోవచ్చు. దాన్ని చూసిన పోలింగు ఆఫీసరు, “పోయినవాళ్ళ ఓటు వేరేవాళ్ళు వేయకూడదు పెద్దాయనా” అన్నాడట. ఇక పెళ్ళి ఫొటోలో అయితే ముత్యమ్మ బిత్తర చూపులు చూస్తుంటుంది, పక్కన పెళ్ళికొడుకు హాయిగా నిద్రపోతుంటాడు.

“నవ్వులాటకు అడుగుతలేను,” అంది ముత్యమ్మ.

నవ్వులు ఆగిపోయాయి. ఆమె తలకు కట్టుకున్న స్కార్ఫును నుదుటి మీదికి లాక్కుంది. మందులకు జుట్టంతా రాలిపోయి మొహం పిడికెడంత అయింది. వైద్యం కోసం ఎండాకాలం నుంచి ఇక్కడే, కూతురు రవళి దగ్గర ఉంటోంది. ఇక మందులు చాలు, ఇంట్లోనే ఉంచి ఇష్టమైనవి పెట్టండి అని డాక్టర్లు మొన్ననే చెప్పారు.

“నేనిక్కడికి వచ్చినకాడికెల్లి మీ కాకా ఒక్కపారి రాలే,” గొంతు తగ్గించింది. “ఫోన్ల మాత్రం రోజు మాట్లాడుతడు. షుగర్ గోలీ మింగినవా అని నేనే అడగాలె. రమ్మంటే మోకాళ్ళంటడు, బర్రె ఈనిందంటడు. నాకు తెల్వదా బిడ్డా? ఈ మొకం సూడనీకె ఆయనకు మనసొప్పుతలేదు. రేపు నేను పోయినంక, గోడ మీద ఫొటోల సుత నా పక్కన కండ్లు మూసుకునే ఉంటే, పెద్దగైనంక ఆ పోరి ఏమనుకుంటది?”

జైపాల్ తలెత్తి సీలింగు చూశాడు. ఫ్లాష్‌ను పైకి తిప్పి కొడితే వెలుగు మెత్తగా దిగుతుంది, కళ్ళకు అంతగా తగలదు. కాని ఈ హాలు సీలింగుకు ఎవడో మహానుభావుడు నల్లరంగు వేయించాడు. డీజే లైట్లకేమో మొహాలు ఒకసారి నీలంగా, ఒకసారి ఎర్రగా మారుతున్నాయి. సూటిగా మొహం మీదికి కొట్టక తప్పదు.

అంతలో సంగయ్య మెట్లెక్కి వచ్చాడు. పక్కింటి యాదన్న భుజం పట్టుకుని మెల్లగా అడుగులేస్తున్నాడు.

“ఏంది కాకా, కొత్తగ లగ్గమైనట్టు యాదన్నను ఇడుస్తనే లేవు?” అని ఎవరో మేలమాడారు.

“మోకాళ్ళురా నాయనా.”

యాదన్న నవ్వలేదు. సంగయ్యను ముత్యమ్మ పక్క కుర్చీలో కూర్చోబెట్టి, దూరంగా పోయి నిలబడ్డాడు.

“వచ్చినవా?” అంది ముత్యమ్మ.

“వచ్చిన.”

“ఎట్లున్న నేను?”

సంగయ్య ఆమె వైపు తిరిగాడు. “లగ్గం నాడు ఎట్లున్నవో గట్లనే ఉన్నవు.”

“అబద్ధమాడితే జెర నమ్మేటట్టన్న ఆడు.”

అలా అంది గాని, జారుతున్న స్కార్ఫును లాక్కోవడం మరిచిపోయింది.

డీజే హోరులో వినబడేలా జైపాల్ సంగయ్య చెవి దగ్గర వంగాడు.

“కాకా, ఇన్నేండ్లు ఒకటి, రెండు, మూడు అనుకుంట నేనే నిన్ను ఖరాబ్ చేసిన. మూడు అనకముందే మూస్తున్నవు. ఇయ్యాల లెక్కబెట్ట. చెప్పకుండ కొడ్త.”

“కొట్టు బిడ్డా. ఇయ్యాల మూయ. మీ చిన్నమ్మ మీద ఒట్టు.”

“నా మీద ఒట్టెందుకు, నేనెట్లయిన పోయేదాన్నే,” అంది ముత్యమ్మ.

సంగయ్య ఆమె చెయ్యి వెతికి పట్టుకుని, నిటారుగా కూర్చున్నాడు.

జైపాల్ వెనక్కి జరిగాడు. ఫ్లాష్ భళ్ళున మెరిసింది. పక్కన నిలబడ్డ రవళి చేయి అడ్డం పెట్టుకుంది. జైపాల్ కెమెరా స్క్రీను చూసి నమ్మలేక, ఇంకాస్త దగ్గరికి వచ్చి మళ్ళీ కొట్టాడు. మళ్ళీ చూసుకుని, మళ్ళీ కొట్టాడు.

ఏ ఫొటోలో చూసినా కళ్ళున్నాయి. నిండుగా, పెద్దగా, రెప్ప కూడా కదలని కళ్ళు.

జైపాల్ ముత్యమ్మకు బొటనవేలు ఎత్తి చూపించాడు.

ఆమె పక్కకు తిరిగి మొగుణ్ణి చూసింది. ఆ కళ్ళు ఇంకా తెరిచే ఉన్నాయి. ఇన్ని నెలలుగా గుండెలో గడ్డకట్టుకున్నది కరిగి చెంపల మీదికి వచ్చింది. చప్పుడు కాకుండా స్కార్ఫు కొసతో ఒత్తుకుంది. ఇక గోడ మీద ఎన్నేళ్ళయినా ఉండవచ్చు, తనను చూడలేని మొగుడి పక్కన కాదు.

దూరంగా నిలబడ్డ యాదన్న గోడవైపు తిరిగాడు.

సంగయ్య మాత్రం ఆమె చెయ్యి వదలకుండా, అదే నవ్వుతో, కదలకుండా కూర్చుని ఉన్నాడు.

“జైపాలూ, ఇంకెప్పుడు కొడ్తవు ఫొటో?”