గొంగడి వైద్యం

చంద్రకాంతమ్మ కాళ్ల దగ్గరున్న సంచిలోంచి గొంగడి సగం బయటికి లాగింది. ఒంటిమీద దద్దుర్లు లేస్తే గొంగడితో రుద్దాలని ఐరాలలో పసిపిల్లలకి కూడా తెలుసు. ఈ తిరుపతి డాక్టరమ్మకి తెలియకపోతే నేర్పించి పోదామని బస్సులో మోసుకొచ్చింది.

"మా కోడలికి పడేదంటూ ఏమీ లేదు తల్లీ," అంది. "శెనక్కాయలు మాన్పించినా, వంకాయ మాన్పించినా. ఇంగ నా మొగమే పడదేమో."

"పరీక్షల్లో ఏ తిండీ పడదని రాలేదు పెద్దమ్మా," అంటూ డాక్టరు, కోడలు ధరణి చేతిమీది గోధుమరంగు మచ్చని పెన్ను వెనకవైపుతో నాలుగుసార్లు రుద్దింది. చూస్తుండగానే మచ్చ ఎర్రగా ఉబ్బింది.

"అలర్జీ ఉన్నవాళ్లు పడనిది తింటే ఒంట్లో గొడవ చేసేవి మాస్ట్ కణాలు. ఈ అమ్మాయికి అవే చర్మంలో గుంపులుగా చేరినాయి. వాటికి తిండితో పనిలేదు, రుద్దితే చాలు రేగుతాయి. ఇంట్లో ఎవరన్నా రుద్దుతున్నారా?"

రోజూ పొద్దున్నే తన రెక్కలు నొప్పెట్టేదాకా రుద్దిన చంద్రకాంతమ్మ కోడలివైపు చూసింది.

"దురదకి నేనే గోక్కుంటా ఉండా మేడం," అంది ధరణి.

చంద్రకాంతమ్మ గొంగడిని కాలితో మెల్లగా కుర్చీ కిందికి తోసింది.

తలుపు దాకా వెళ్లాక డాక్టరు పిలిచింది. "పెద్దమ్మా, మీ గొంగడి మర్చిపోయినారు."

"అది మాది గాదు తల్లీ," అంది చంద్రకాంతమ్మ. కోడలి చెయ్యి పట్టుకోబోయి, ఆగి, ఆ పిల్ల కొంగు పట్టుకుని నడిచింది.