మైకెన్ ఇంటి ఎరుపు

కారు దిగిన మైకెన్ ఇంటి ముందు కొయ్యబారిపోయింది.

"ఎలా ఉంది?" అన్నాడు భర్త ఆల్గోత్, పొంగిపోతూ. "నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఇల్లంతా కొత్త ఎరుపు! మిడ్సమ్మర్ పండక్కి ముందే ముగించేశా. ఎప్పుడూ నువ్వే తెచ్చే రంగు డబ్బాలు కూడా ఈసారి నేనే ఎంచి తెచ్చా!"

మైకెన్ ఎడమ కన్ను మూసి చూసింది. కుడి కన్ను మూసి చూసింది.

"ఆల్గోత్, నాకు ఎరుపు కనబడట్లేదు. ఆకుపచ్చగా ఉంది."

"ఎండకి అలా ఉందేమో. సరిగ్గా చూడు."

"రెండు కళ్లకీ అలాగే ఉంది! ఎరుపు తేడాగా కనబడితే ఆ క్షణమే రమ్మంది కదా డాక్టరమ్మ!"

కంటి నరానికి లింఫోమా. ఆ క్యాన్సర్ అక్కడ రావడమే అరుదు. మామూలు నరం వాపనుకున్నారు. వెన్నులోంచి నీరు తీసి పరీక్షిస్తేగానీ అసలు సంగతి తేలలేదు. చలికాలమంతా మందులెక్కించుకుంటే ఎడమ కంటికి చూపు తిరిగొచ్చింది. ఇప్పుడు జబ్బు మళ్లీ తిరగబెట్టి కుడి కంటికీ పాకిందా?

"వీధి వీధంతా పిలిచి కాఫీ పోశానే! " అన్నాడు ఆల్గోత్. "ఒక్కళ్లూ వంక పెట్టలేదు. భలే ఉందన్నారు!"

ఆ మాటతో మైకెన్‌కి ఉన్న కాస్త ఆశా పోయింది. అందరికీ ఎర్రగా ఉన్నది తన ఒక్కదానికే కాదన్నమాట. ఆల్గోత్ మొహం కూడా పాలిపోయింది. వెంటనే కారు ఆసుపత్రి వైపు తిప్పాడు.

డాక్టర్ లిండ్రోత్ మైకెన్‌ని కుర్చీలో కూర్చోబెట్టి కళ్లలోకి లైటు వేసి చూసింది. స్కాన్ తీయించింది. చివరికి ఎర్రటి సీసా మూత ఒకటి తీసుకుని ఒక్కో కంటి ముందూ పట్టింది.

"ఏ రంగు?"

"ఎరుపు."

"మరి ఈ కంటికి?"

"ఎరుపే! నిగనిగలాడుతోంది!"

"గడ్డ జాడే లేదమ్మా. నరం శుభ్రంగా ఉంది. మీ చూపు నా చూపుకన్నా బాగుంది."

మైకెన్ సంతోషం పట్టలేక డాక్టర్ని వాటేసుకుని ఏడ్చేసింది. ఆల్గోత్ కూడా ముక్కు చీదుకున్నాడు.

"మరి ఇల్లెందుకు అలా కనబడింది?" అంది కళ్లు తుడుచుకుంటూ.

ఆల్గోత్ గర్వంగా ఫోన్‌లో ఇంటి ఫొటో తెరిచి డాక్టర్ చేతిలో పెట్టాడు. "మీరే చెప్పండి. ఇంతకన్నా ఎర్రటి ఇల్లు స్వీడన్ మొత్తంలో ఉందా?"

డాక్టర్ ఫొటో వంక చూసింది. ఆల్గోత్ వంక చూసింది.

"మీ వీధివాళ్లు మరీ మర్యాదస్తులండీ," అంది నవ్వాపుకుంటూ. "మైకెన్ గారూ, మీరు లేవండి. ఆ కుర్చీలో ఈయన్ని కూర్చోబెట్టండి."