గుర్రం మిషను

"మళ్ళీ నట్టు పోయిందేటి?" మిషను అందుకోకుండానే అడిగాడు పైడిరాజు.

బుధు తల ఊపాడు.

డుంబ్రిగుడ సంతలో కత్తులకూ కత్తెరలకూ సాన పట్టడం పైడిరాజు పని. ముప్పై ఏళ్ళుగా కొండ కింద నుంచి బస్సెక్కి వస్తున్నాడు. నడుము వంగింది, చూపు తగ్గింది. గుర్రం బొచ్చు కత్తిరించే ఆ చేతి మిషను అతని ముందుకు రావడం ఇది మూడో సంత. మొదట పళ్ళకు పదును పెట్టించాడు బుధు. తరవాతి వారం పిడులను కలిపి పట్టే పై నట్టు లేకుండా తెచ్చాడు. కొత్తది వేసిస్తే అదీ పోయింది.

"నాను బిగించింది ఎప్పుడూ ఊడలేదు. ఎవరో ఇప్పుతన్నారు," పైడిరాజు గొణిగాడు. "నిజం సెప్పు, గుర్రాన్ని అమ్మడం నీకిష్టం లేదు కదా?"

"మాటిచ్చాను," అన్నాడు బుధు. అంతే.

ఆ మాట లక్ష్మణరావుకు ఇచ్చాడు. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాలు కొనే పార్వతీపురం వ్యాపారి అతను. చలికాలపు బొచ్చు కింద పుండ్లు దాగుంటాయని, బొచ్చు తీసి ఒళ్ళు చూపిస్తేనే కొంటానన్నాడు. ఈ సంతే గడువు. కొండ మీదికి రోడ్డు పడ్డాక కాఫీ గింజలూ పిప్పళ్ళూ జీపులెక్కాయి. గుర్రానికి పని లేదు. దాని వెంట నడవడానికి బుధు మోకాళ్ళలో సత్తువా లేదు.

'ఇంకోసారి ఊడితే గుర్రాన్నే తోలుకురా, నా కళ్ళ ముందే బొచ్చు తీద్దువు' అని పోయిన వారం పైడిరాజే చెప్పాడు. గుర్రం రాటకు కట్టేసి ఉంది. సాన పక్కనే చతికిలబడి ఉంది బుధు పెళ్ళాం సోములమ్మ.

"బేగి కానీ అన్నా. దీని పీడ ఇరగడైపోవాల," అంది. "ఈ ముసిలోడు ఇంటికాడ నాతో పలకడు. పొద్దు గూకితే దాని సెవిలో ఒకటే గొణుగుడు. ఏ గట్టున జారిపడ్డాడో, ఏ కాలు లాగతందో అన్నీ దానికే సెప్తాడు. నాను తడిక ఇవతల కూకుని ఇనాల."

"అయితే ఇంట్లో నీకు సవితున్నాదన్నమాట."

"సవితయితే జుట్టు పట్టుకుందును."

బుధు నవ్వలేదు. గుర్రం మెడ నిమురుతూ నిలబడ్డాడు.

పైడిరాజు రేకు డబ్బా బోర్లించి వెతికాడు. "ఈ మిషనుకి సరిపడేది ఇదొక్కటే మిగిలింది," అని ఒక నట్టు సాన పక్కన పరిచిన గుడ్డ మీద పెట్టాడు. పళ్ళ మధ్య ఇరుక్కున్న బొచ్చు ఊది, నూనె చుక్క వేశాడు. అంతలో లక్ష్మణరావు వచ్చాడు.

"అయిందా లేదా? నా బస్సు టైమవుతోంది."

"ఐదు నిమిషాలు బాబూ." పైడిరాజు లేచి గుర్రం దగ్గరికి నడిచాడు. "ఒకసారి దీని కాళ్ళు సూడండి, ఎంత గట్టియో."

తిరిగొచ్చి గుడ్డ మీద చెయ్యి పెడితే నట్టు లేదు.

మట్టిలో వేళ్ళు పెట్టి వెతికారు. అందరికంటే ఎక్కువ వెతికింది సోములమ్మే. "కళ్ళు కనపడవేటి నీకు? ఇలాగేనా బిగించి ఇత్తన్నావు ఇన్నాళ్ళూ?" అని పైడిరాజును తిట్టింది కూడా.

లక్ష్మణరావు గడియారం చూసుకున్నాడు. "అమ్మనని మొదటి వారమే చెప్పాల్సింది బుధూ," అని సంత చివర కట్టిన ఇంకో గుర్రం వైపు వెళ్ళిపోయాడు.

పైడిరాజు బుధు పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "పిడికిలి ఇప్పు."

బుధు రెండు అరచేతులూ చాపాడు. కాయలు కాసిన చేతులు, ఖాళీ. నడుముకు చుట్టిన తువ్వాలు కూడా విప్పి దులిపాడు.

"మాటిచ్చాక నానెందుకు తీత్తాను?" అన్నాడు.

పైడిరాజుకు సిగ్గేసింది. మిషను అతని చేతిలో పెట్టి, "ఇంక ఇది బాగవదు. అట్టుకుపో," అన్నాడు.

వాగు దాటేటప్పుడు బుధు గుర్రం మెడ మీద చెయ్యేసి నడిచాడు. "మాట పోయిందే. సంతంతా సూసిందే. కాళ్ళు లాగతన్నాయే..." ఒకటొకటీ దాని చెవిలో చెబుతున్నాడు. ఎప్పటిలాగే సోములమ్మ నాలుగడుగులు వెనక, వినపడేంత దూరంలో వస్తోంది.

కొంగుముడి విప్పి, మూడు నట్లూ నీళ్ళలో వేసింది.